పాఠకుల ప్రశ్నలు: కలుపని పీకేస్తున్నాం, వండుకోవచ్చా?

ప్రశ్న: మా పెరట్లో నేలకి అతుక్కుని, ఎర్రటి కాడలతో దళసరి ఆకులతో ఒక మొక్క పాకుతోందండి, పీకిన కొద్దీ వస్తోంది. పక్కింటావిడ చూసి ఇది గంగవాయిల కూర, పారేస్తున్నారేంటి అన్నారు. నిజంగా తినొచ్చా? ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: తినొచ్చండి, హాయిగా తినొచ్చు, దీన్నే పావిలికూర అని కూడా అంటారు. కానీ మీరు చెప్పిన గుర్తులు మాత్రమే చూసి వండేయకండి, ఎందుకంటే దీని పక్కనే, ఒక్కోసారి దీంట్లోనే కలిసిపోయి నానుబాలు మొక్క పాకుతుంటుంది, అది తినేది కాదు. తేడా ఏంటంటే కాడ తుంచి చూడండి, తెల్లటి పాలు వస్తే అది నానుబాలు, గంగవాయిలికి నీళ్లే తప్ప పాలు రావు. దీని కాడ గుండ్రంగా నున్నగా, కండపట్టి ఉంటుంది, నూగు ఉండదు, పూలు చిన్నగా పసుపు రంగులో ఉంటాయి, అవీ ఎండ వచ్చాక కాసేపే విచ్చుకుంటాయి. నేను ఒకసారి గిన్నె నిండా కోసుకొచ్చి కడుగుతుంటే ఒక్క కాడ చివర తెల్లటి చుక్క కనిపించింది, ఇంక ఏరుతూ కూర్చోలేదు, మొత్తం పారబోసేశా. కోసేటప్పుడే ఒక్కో కాడ తుంచి చూసుకుంటే ఆ బాధ ఉండదు.

కడగడం కూడా ఓపిగ్గా చేయాలి, నేలమీద పాకేది కదా, ఇసుక బాగా ఉంటుంది. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి కలియతిప్పి, ఆకుని చేత్తో పైకి తీసేయాలి, గిన్నె వంపితే ఇసుక మళ్లీ ఆకుమీదే పడుతుంది. అలా మూడుసార్లు. అడుగున నల్లగా ఆవాల కన్నా సన్నగా గింజలు కనిపిస్తాయి, పురుగులు అనుకుని భయపడకండి, అవి దాని విత్తనాలే, తిన్నా ఏం కాదు.

ఇంకో సంగతి, ఇది నాకు భలే నచ్చుతుంది: పొద్దున్నే కోస్తే పుల్లగా ఉంటుంది, సాయంత్రం కోస్తే పులుపు తగ్గుతుంది. నీళ్లు తక్కువైనప్పుడు ఈ మొక్క రాత్రిపూట గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాన్ని మాలిక్ యాసిడ్ అనే పుల్లటి పదార్థంగా ఆకుల్లో దాచుకుంటుంది, పగలు ఆకుల మీదుండే సన్నటి రంధ్రాలు మూసుకుని ఆ దాచుకున్నదే వాడుకుంటుంది, అందుకే ఆ తేడా. పులుపు కావాలా వద్దా అనేదాన్ని బట్టి కోసే టైమ్ చూసుకోండి.

వండేటప్పుడు మూత పెట్టొద్దు. దీంట్లో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే, పైగా బెండకాయలాగా జిగురు, మూత పెట్టారంటే ముద్దయిపోతుంది. మూకుడు బాగా కాలాక నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి, పెద్ద మంట మీద ఆకు లేత కాడలతో సహా వేసి మూడు నాలుగు నిమిషాలు తిప్పండి, ఉప్పు చివర్లో. గిన్నెడు ఆకు గుప్పెడు అవుతుంది, అందుకని కోసేటప్పుడు మొహమాటపడకండి. లేత చివుళ్లయితే పచ్చిగానే ఉల్లిపాయ, టమాటాతో పెరుగులో కలుపుకోవచ్చు, మొదటిసారి కొంచెమే తిని చూడండి. ఒమేగా-3 కూడా ఉంటుంది, చేపల్లోది కాదు, అవిసె గింజల్లో ఉండే రకం.

ప్రశ్న: ముళ్ల తోటకూర కూడా వండుతారా? చేతికి గుచ్చుకుంటోంది.

జవాబు: వండుతారండి. గ్లౌజులు వేసుకుని, పూత రాకముందు పైన లేత చివుళ్లు మాత్రం కోయండి, ముళ్లు ఆకు కాడ మొదట్లో ఉంటాయి కాబట్టి ఆకుని ఒలిచేసి కాడ పారేయండి. మామూలు తోటకూర ఎలా వండుతారో అలాగే. కాకపోతే యూరియా దండిగా వేసిన మడిలో మొలిచింది వద్దు, ఈ జాతి నైట్రేట్‌ని ఆకుల్లో పోగేసుకుంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి రెండుసార్లు కిడ్నీలో రాళ్లు వచ్చాయి. ఈ కూరలు పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ రాయి ఏ రకమో డాక్టర్ గారిని అడగండమ్మా. ఎక్కువమందికి వచ్చేది కాల్షియం ఆక్సలేట్ రాయి, గంగవాయిలి, తోటకూర, పులిచింత అన్నిట్లోనూ ఆక్సలేట్ గట్టిగానే ఉంటుంది, పాలకూరలో ఉన్నట్టే. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే కొంత పోతుంది, పెరుగుతో తింటే అందులోని కాల్షియం కడుపులోనే కొంత ఆక్సలేట్‌ని పట్టేస్తుంది. అయినా సరే ఆయన విషయంలో డాక్టర్ ఓకే అనేదాకా ఆగండి, కూర ఎక్కడికీ పోదు. రక్తం పలచబడటానికి వార్‌ఫరిన్ వాడేవాళ్లు కూడా ఉన్నట్టుండి ఆకుకూరలు పెంచేయకూడదు, విటమిన్ కె వల్ల మందు పనితీరు మారుతుంది.

ప్రశ్న: లాన్‌లో కలుపు మందు కొట్టారు. బాగా కడిగి తినొచ్చా?

జవాబు: వద్దండి, అస్సలు వద్దు. గ్లైఫోసేట్ లాంటివి ఆకుమీద ఆగవు, లోపలికి ఇంకి వేర్లదాకా పోతాయి, కడిగితే పోయేది కాదు. కుక్కలు తిరిగే చోటు, బళ్లు తిరిగే రోడ్డు అంచు కూడా వదిలేయండి.

ప్రశ్న: మరి గంగవాయిలిని కుండీలో పెంచుకోవచ్చా?

జవాబు: భేషుగ్గా. జానెడు కాడ తుంచి తడి మట్టిలో గుచ్చండి, దానికదే వేరు పెట్టుకుంటుంది. బాగా ఎండ తగిలే చోట పెట్టి, మట్టి పైన ఎండాకే నీళ్లు పోయండి, రోజూ పోస్తే కుళ్లిపోతుంది.