టెక్ సందేహాలు: జాట్స్ అని వెతికితే భరత్‌పూర్ కోట వచ్చింది!

ప్రశ్న: మా పరిశోధన వ్యాసం ఒక జర్నల్‌కు ఎంపికైంది. 'ఫైల్‌ను జాట్స్‌లో పంపండి' అని ఎడిటర్ మెయిల్ పెట్టారు. గూగుల్‌లో వెతికితే హర్యానా రైతులు, రాజస్థాన్ కోటలు వస్తున్నాయి. ఏమిటిది? – ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, వరంగల్

జవాబు: గూగుల్ తప్పేం లేదు. హర్యానా, పంజాబ్, రాజస్థాన్, పశ్చిమ యూపీల్లోనూ, అటు పాకిస్థాన్‌లోనూ ఉన్న జాట్‌లను ఇంగ్లిష్ బహువచనంలో రాస్తే మీరు టైప్ చేసిన అక్షరాలే వస్తాయి. మాజీ ప్రధాని చరణ్ సింగ్ ఆ వర్గం వారే. 1805లో బ్రిటిష్ సేనాని లార్డ్ లేక్ నాలుగుసార్లు దాడి చేసినా లొంగని భరత్‌పూర్ కోట కూడా జాట్ రాజులదే. ఎడిటర్ అడిగింది వీళ్లను కాదు, 'జర్నల్ ఆర్టికల్ ట్యాగ్ సూట్'ని, పొట్టిగా JATS. అన్నీ పెద్దక్షరాల్లో కొట్టినా సెర్చ్ ఇంజిన్ తేడా చూడదు. పక్కన 'ఎక్స్‌ఎంఎల్' (ఇలా ట్యాగులతో రాసే ఫైల్ రకం) అని చేర్చండి, జాట్‌లు పక్కకు తప్పుకుంటారు.

విషయానికొస్తే, వర్డ్ ఫైల్‌లో బోల్డ్ చేసిన లైను శీర్షిక అని మనకు చూడగానే తెలుస్తుంది. కంప్యూటర్‌కు అది లావు అక్షరాల లైను, అంతే. జాట్స్‌లో ప్రతి ముక్కకూ ఇది శీర్షిక, ఇది రచయిత ఇంటిపేరు, ఇది రిఫరెన్సులో సంవత్సరం అని ట్యాగ్ పడుతుంది. మొత్తం వ్యాసం 'ఆర్టికల్' అనే ట్యాగ్‌లో ఉంటుంది. దాని లోపల శీర్షిక, రచయితల వంటి వివరాలకు 'ఫ్రంట్', అసలు విషయానికి 'బాడీ', రిఫరెన్సులకు 'బ్యాక్'. ఒక్కో పబ్లిషర్ ఒక్కో రకంగా ఫైళ్లు పంపుతుంటే వాటిని దాచడం తలనొప్పే కదా! అందుకే అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 2003లో ఉమ్మడి ట్యాగులు తయారుచేసింది. 2012లో అవే నైసో (అమెరికాలో సమాచార ప్రమాణాలు రూపొందించే సంస్థ) ప్రమాణమయ్యాయి. ఇందులో ఆర్కైవింగ్, పబ్లిషింగ్, ఆథరింగ్ అని మూడు రకాలున్నాయి. మీకు ఏది కావాలో ఎడిటర్‌నే అడగండి. జర్నళ్లు ఎక్కువగా వాడేది పబ్లిషింగ్.

ప్రశ్న: జర్నల్ సైట్‌లో నా ఇంటిపేరు, పేరు తారుమారయ్యాయి. రిఫరెన్సుల్లో నా ఇంటిపేరును పొడి అక్షరం (ఇనిషియల్) చేసి చూపిస్తున్నారు. జాట్స్‌లో దీనికి మందుందా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఉంది, నాకు ఇందులో బాగా నచ్చిందీ అదే. మీ ఇంటిపేరు కొండపల్లి, పేరు రమ అనుకుందాం. కొండపల్లి 'సర్‌నేమ్' ట్యాగ్‌లోకి, రమ 'గివెన్ నేమ్స్' ట్యాగ్‌లోకి వెళ్తాయి. పేరుకు 'నేమ్ స్టైల్' అని ఒక గుర్తు ఉంటుంది. అందులో 'ఈస్టర్న్' అని పెడితే ఇంటిపేరు ముందు చూపించాలని అర్థం. అసలు ఇంటిపేరే వాడని వాళ్లకు 'గివెన్ ఓన్లీ' ఉంది. ఇంగ్లిష్ పేరు పక్కనే తెలుగు లిపిలో పేరునూ భాష గుర్తుతో చేర్చవచ్చు. ఫైల్ చేసేవాళ్లకు మన పేర్ల సంగతి తెలియక రమను ఇంటిపేరు గడిలో పడేస్తే మాత్రం ఏ ప్రమాణమూ కాపాడదు (నా పేరు ఓ సైట్‌లో ఇప్పటికీ తలకిందులే). ప్రూఫ్ వచ్చినప్పుడు పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా ఎక్స్‌ఎంఎల్ కూడా పంపమనండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'సర్‌నేమ్' అని వెతికితే నిమిషంలో తేలిపోతుంది.

ప్రశ్న: జాట్స్ ఫైల్ తయారుచేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలా? – ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు. 'పాన్‌డాక్' ఉచితం, వర్డ్ ఫైల్‌ను జాట్స్‌గా మారుస్తుంది. కాకపోతే శీర్షికలను బోల్డ్‌తో కాకుండా వర్డ్‌లోని హెడింగ్ స్టైల్స్‌తో పెట్టాలి, లేకపోతే అవన్నీ మామూలు పేరాలైపోతాయి. టేబుళ్లు, రిఫరెన్సులు మాత్రం చేత్తో సరిచూసుకోవాల్సిందే. చివర్లో పబ్‌మెడ్ సెంట్రల్ (వైద్య పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారం) వాళ్ల స్టైల్ చెకర్‌లో, అంటే ట్యాగుల్లో తప్పులు పట్టే సాధనంలో, ఫైల్ వేయండి. మొదటిసారి ఎర్రర్ల చాంతాడు వస్తుంది, కంగారు పడకండి. పైదాన్ని సరిచేస్తే కింద సగం వాటంతటవే పోతాయి.