బండెక్కే ముందు ఒక మాట, అమ్మడూ

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినవన్నీ విన్నాను. కొత్త జీను, కొత్త హెల్మెట్, రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున మూడు రోజుల గుర్రపుస్వారీ పోటీ, మొదటి రోజు ఎంత స్పీడులో పోవాలనుకుంటున్నావో, అన్నీ. గుర్రాలు బెంగళూరు దాకా ఎలా వెళ్తాయమ్మా అని అడిగితే మాత్రం "లారీ మాట్లాడేశాం మావయ్యా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ ఒక్క ముక్క గురించే ఈ ఉత్తరం.

విశాఖ నుంచి అక్కడికి దగ్గరదగ్గర వెయ్యి కిలోమీటర్లు. నువ్వు జీనెక్కి వెళ్లేది మొత్తం కలిపి 120. బండిలో ఉన్నంతసేపూ గుర్రం రెస్టు తీసుకుంటుందని అనుకుంటారు, తప్పు. డ్రైవరు బ్రేకు కొట్టిన ప్రతిసారీ, వంపు తిరిగిన ప్రతిసారీ నాలుగు కాళ్లూ నడుమూ బిగబట్టి నిలదొక్కుకుంటూనే ఉంటుంది. దిగేసరికి ఒంట్లో నీరు తగ్గి బరువు కూడా పడిపోతుంది. నువ్వు స్టార్టింగ్ లైన్ దగ్గర నిలబడే సరికే దాని పోటీ సగం అయిపోయి ఉంటుంది.

నా తప్పే చెప్తాను విను. సైన్యంలో గుర్రాల డాక్టర్ల దగ్గర పనిచేసే రోజుల్లో ఒకసారి ఓ గుర్రం పక్కదాన్ని కరుస్తోందని దాని పగ్గం పైకి లాగి పొట్టిగా కట్టేశాను. దారిలో విప్పుదాం అనుకున్నాను, విప్పలేదు. పదకొండు గంటలు తలెత్తుకునే నిలబడింది పాపం. మర్నాడు ఉలవలు సగం వదిలేస్తే ప్రయాణం బడలికలే అనుకున్నాను. సాయంత్రం జ్వరం చూస్తే 103 దాటింది, ఆ రాత్రి నుంచి దగ్గు. ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. బతికింది కానీ ఆ ఏడాది మళ్లీ జీను వెయ్యలేదు. గుర్రం తల కిందికి దించినప్పుడే దాని శ్వాస గొట్టంలో చేరిన దుమ్మూ తెమడా బయటికి జారతాయి. గంటల తరబడి దించనివ్వకపోతే ఆ చెత్తంతా లోపలికి పోతుంది. ఇంతే సంగతి, ఇది అప్పుడు నాకు తెలిసీ బద్ధకించాను.

అందుకని ప్రతి నాలుగు గంటలకీ బండి ఆపు. డ్రైవరుకి టీ కోసం కాదు, గుర్రాల కోసం. పగ్గం వదులు చేసి, గడ్డి వలను కిందికి దించి, ఓ అరగంట తల నేలవైపు ఉంచనివ్వు. నీళ్లు చూపించు. మూత్రంతో తడిసిన గడ్డి తీసి పారేయించు, ఆ ఘాటు కూడా ఊపిరితిత్తులకే చేటు. ఎండుగడ్డి తడిపి పెట్టు, దుమ్ము లేవకూడదు. రాత్రికి విజయవాడ దగ్గర ఎక్కడైనా స్థలం ముందే మాట్లాడుకుని గుర్రాలను దించేసి నడిపించు, ఒకే ఊపులో లాగించేద్దామని ఎవరన్నా వినకు. సంక్రాంతి వారంలో మాత్రం హైవే ఎక్కకు, టోల్ గేటు దగ్గర గంటసేపు ఎండలో నిలబడిన బండిలో గుర్రం పరిస్థితి ఏమిటో ఆలోచించు.

బండి గురించి. నేల జారకుండా కొబ్బరిపీచు చాపలు పరిచి దానిమీద గడ్డి వెయ్యాలి. రెండు గుర్రాల మధ్య గట్టి వెదురు బొంగు, వెనకాల బలమైన అడ్డకర్ర ఉండాలి. ఇవి నా చాదస్తం కాదు, 1978 నాటి జంతు రవాణా నిబంధనల్లోనే ఉన్నాయి, ఎక్కడానికి ర్యాంపు ఉండాలన్నది కూడా. బియ్యం బస్తాలు మోసే లారీ తెచ్చి గట్టు పక్కన పెట్టి "ఎక్కేస్తాయిలే" అంటే ఒప్పుకోకు. డ్రైవరుతో ఒకటే చెప్పు, డ్యాష్‌బోర్డు మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టుకున్నట్టు నడపమని. ముందు రోజు మన బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా ఓ ట్రిప్పు వేయించి చూడు, నువ్వు వెనక గుర్రాలతో నిలబడు. అప్పుడు తెలుస్తుంది ఆ డ్రైవరు పనికొస్తాడో లేదో.

కాగితాల సంగతి ఈ వారమే మొదలుపెట్టు. గ్లాండర్స్ లేదని రక్తపరీక్ష రిపోర్టు అడుగుతారు. ఈ జబ్బు గుర్రాల నుంచి మనుషులకీ వస్తుంది, అందుకే అంత పట్టింపు. హర్యానాలోని హిసార్‌లో గుర్రాల జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, ఈ పరీక్షలకు పెద్ద ల్యాబ్ అదే. శాంపిలు అంత దూరం పోయి రిపోర్టు రావాలంటే టైం పడుతుంది, రేపు బయలుదేరుతూ ఇవాళ అడిగితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ప్రయాణానికి ఒంట్లో బాగుందని పశువైద్యుడి సర్టిఫికెట్ వేరే. టీకాలు ఏవైనా మిగిలి ఉంటే ఇప్పుడే వేయించు, చివరి వారంలో వద్దు.

ఇక నీళ్లు. అసలు విషయం ఇదే, కాస్త నిదానంగా చదువు. మనకి చెమట పడితే అందులో ఉప్పు తక్కువ, నీళ్లు ఎక్కువ పోతాయి, రక్తం చిక్కబడి వెంటనే దాహం వేస్తుంది. గుర్రం చెమట దాని రక్తంతో సమానంగా ఉప్పగా ఉంటుంది. నీళ్లూ ఉప్పూ కలిసే పోతాయి కాబట్టి రక్తంలో ఉప్పు శాతం పెద్దగా మారదు, మెదడుకి కబురు అందదు. ఒళ్లంతా ఎండిపోయినా బకెట్టు చూసి మొహం తిప్పుకుంటుంది. దాహం లేదులే అని నువ్వు బకెట్టు తీసేస్తావు. అక్కడే కొంప మునుగుతుంది. వేడిలో గట్టిగా పరిగెత్తే గుర్రం గంటకి పది పదిహేను లీటర్ల చెమట పోగొట్టుకోగలదు, మన విశాఖ ఉక్కపోతలో ఆ చెమట ఆరదు కూడా, కారిపోతుందంతే. అందుకే దాణాలో ఉప్పు కలపాలి, రోజూ, ఇప్పటి నుంచే. కానీ ఒట్టి ఉప్పు మందు సిరంజితో నోట్లో కొట్టేసి పక్కన నీళ్లు లేకుండా వదిలేస్తే ఇంకా ప్రమాదం. ముందు నీళ్లు తాగాలి, తర్వాతే ఉప్పు.

ఇంకో తిప్పలు ఉంది. మన ఇంటి బోరు నీళ్లకు అలవాటైన గుర్రం ఊరు మారితే ఆ నీళ్ల వాసన పట్టి తాగదు, క్లోరిన్ వాసన వస్తే అసలే తాగదు. దానికి నా దగ్గర చవకైన ఉపాయం ఉంది. అనకాపల్లి బెల్లం. ఇవాళ్టి నుంచి ఇంటి దగ్గరే రోజుకొక బకెట్టులో చిన్న ముక్క కరిగించి ఇవ్వు. రెండు వారాల్లో ఆ రుచి మరిగేస్తుంది. అక్కడికెళ్లాక ఏ నీళ్లయినా అదే బెల్లం కలిపితే ఇంటి నీళ్లే అనుకుంటుంది. పక్కనే మామూలు నీళ్ల బకెట్టు కూడా ఉంచు. ఇంటి నీళ్లు ఓ పెద్ద డ్రమ్ము బండిలో వేసుకో, గుర్రానికి రోజుకి ముప్పై లీటర్లన్నా లెక్క వేసుకో. గడ్డి కూడా ఇక్కడిదే తీసుకెళ్లు, కొత్త గడ్డి ఒక్కసారిగా పెడితే కడుపునొప్పి తప్పదు.

చేరాక ఒక రోజంతా రెస్టు ఉంచుకో. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు కానీ ఆ సామెత ప్రకారం చేస్తే చిక్కుల్లో పడతావు. కష్టం లేని రోజున ఉలవలు నిండుగా పెట్టి మర్నాడు పొద్దున్నే పరిగెత్తించావా, తొడల కండరాలు రాయిలా బిగుసుకుపోతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది, ఇక పోటీ మాట మర్చిపో. కాబట్టి బండిలో ఉన్నన్నాళ్లూ ఉలవలు ఆపేసి గడ్డి మీదే ఉంచు, రెస్టు రోజున సగం. పగ్గం పట్టుకుని గంటకోసారి నడిపించు. బెంగళూరు రాత్రి చలి మన గుర్రాలకి కొత్త, నడుము మీద దుప్పటి కప్పు. దిగిన దగ్గర నుంచి మూడు రోజులు ఉదయం సాయంత్రం జ్వరం చూసి చీటీ మీద రాసుకో, 101.5 దాటితే నాకు ఫోన్ చెయ్యకు, ముందు అక్కడి డాక్టరు దగ్గరికి పరిగెత్తు.

నాడాలు పది రోజుల ముందే కొట్టించు. ముందు రోజు కొట్టిస్తే మేకు ఎక్కడైనా కండకి తగిలినా నీకు తెలిసేసరికి సగం దారిలో ఉంటావు. ఒక్కో గుర్రానికీ కొలత చూసి సరిచేసిన జత స్పేరుగా పెట్టుకో. ఆర్కే బీచ్‌లో ప్రాక్టీసు గురించి చాలాసార్లు చెప్పాను, తడి ఇసుక గట్టిగా ఉన్నచోట పర్లేదు, పొడి ఇసుకలో వేగం వద్దు, కాలి స్నాయువులు దెబ్బతింటాయి. బెంగళూరులో నేల గట్టిది, రాళ్లు ఉంటాయి. సింహాచలం కొండవైపు మట్టిదారిలో ఇప్పటి నుంచే తిప్పు.

పోటీలో డాక్టర్ల దగ్గర ఆగినప్పుడు గుర్రం గుండె వేగం నిమిషానికి 64కి దిగాలి, సాధారణంగా పావుగంటలోపు. మీ పోటీ నియమాల్లో ఎంత ఉందో చదువుకో. ఇది ఇంట్లోనే ప్రాక్టీసు చెయ్యాలి. స్టెతస్కోపు గుర్రం ఎడమ ముందుకాలి మోచేయి వెనకాల పెట్టి లెక్కపెట్టు, అరగంట ట్రాట్, అంటే చిన్న పరుగు, చేయించి మళ్లీ లెక్కపెట్టు. పంటి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మెడ మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. డాక్టరు ముందు సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, పగ్గం వదులుగా పట్టుకుని నలభై మీటర్లు పక్కన పరిగెత్తాలి, గుర్రాన్ని లాగకూడదు. మన సైసు కుర్రాడికి ఇది రాదు, రోజూ సాయంత్రం నేర్పించు.

చల్లార్చేటప్పుడు నీళ్లు ఆపకుండా పొయ్యి. ఒకసారి పోసి వదిలేస్తే ఆ నీళ్లే వేడెక్కి ఒంటిమీద నిలుస్తాయి, మళ్లీ మళ్లీ పోస్తూ ఉంటేనే ఒళ్లు చల్లబడుతుంది. నొప్పి మందులు మాత్రం ముట్టుకోకు. ఇంట్లో మనం రాసుకునే మంట మందుల్లో ఉండే కాప్సైసిన్ కూడా అంతర్జాతీయ పోటీల్లో నిషిద్ధం, ఆ చేత్తో గుర్రాన్ని తోమినా టెస్టులో దొరికిపోవచ్చు.

రాత్రి క్యాంపులో నువ్వు పడుకునే ముందూ, తెల్లవారుజామున లేవగానే పేడ కుప్పలు లెక్కపెట్టు. నవ్వకు. గుర్రం రోజుకి ఎనిమిది పదిసార్లు వేస్తుంది. రాత్రంతా ఒక్కటే ఉండి, అది కూడా చిన్న చిన్న గట్టి ఉండలుగా ఉంటే లోపల నీరు లేదని అర్థం, ఆ రోజు జీను వేసే ముందు డాక్టరుకి చూపించు. మొదటి రోజు అందరూ దూసుకుపోతారు, పోనివ్వు. రెండో రోజు పొద్దున నీ ఎర్ర గుర్రం లాయం నుంచి బయటికి వచ్చేటప్పుడు మొదటి పది అడుగులు చూడు, పొట్టిగా వేస్తుందా, తల ఊపుతుందా. ఏమాత్రం అనుమానం ఉన్నా అక్కడే మానెయ్. ఇన్ని డబ్బులు ఖర్చుపెట్టాం మావయ్యా అంటావు, తెలుసు. గుర్రం కాలు నయం కావడానికి ఇంకా ఎక్కువ అవుతుంది, అది కూడా తెలుసుకో.

ఆదివారం పొద్దున ఎండ రాకముందే ఆ లారీ తీసుకుని మధురవాడ రా. రెండింటినీ నేనే ఎక్కించి దించి చూస్తాను. బూడిదరంగుది నిదానస్తురాలు కదా, దాన్ని ముందు ఎక్కిస్తే ఎర్రది మారాం చెయ్యకుండా వెనకే వస్తుంది. వచ్చేటప్పుడు కొలతచూసిన స్పేరు నాడాలు పట్టుకురా, అవి సరిగ్గా ఉన్నాయో లేదో నేను చూడాలి. బెల్లం కోసం అనకాపల్లి వెళ్తే రెండు దిమ్మలు ఎక్కువ తీసుకో, ఒకటి మీ అత్త అడిగింది.

మీ మావయ్య