డిస్క్ నిండిన రాత్రి కోసం

చిన్నీ,

సర్వర్ల బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి సంతోషం, బెంగ రెండూ నన్ను వదలడం లేదు. నేను ఇన్నేళ్లు చేసిన పనిలోకే నువ్వు వస్తున్నావంటే గర్వంగా ఉండదా? అయితే "డిస్క్ వాడకాన్ని బొమ్మలతో చూపించే టూల్ పెట్టుకుంటాను పెద్దమ్మా, కమాండ్లు గుర్తుపెట్టుకునే పని ఉండదు" అని నువ్వు రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ఆ టూల్స్ మీద నాకు కోపమేమీ లేదు. బావోబాబ్ గీసే వలయాలు, విన్‌డర్‌స్టాట్ పేర్చే రంగు గళ్లు చూస్తే ఏ ఫోల్డరు ఎంత చోటు తిన్నదో ఇట్టే తెలుస్తుంది. తీరిక ఉన్న రోజున హాయిగా వాటితోనే చూసుకో. కానీ చాలా సర్వర్లలో గ్రాఫికల్ తెరే ఉండదు. ఉన్నా, డిస్క్ పూర్తిగా నిండిందంటే లాగిన్ సమయంలో అది రాసుకోవలసిన చిన్న ఫైలుకు కూడా చోటు దొరకదు. అప్పుడు నీ చేతిలో మిగిలేది కమాండ్ ఒక్కటే.

డిస్క్ ఎంత నిండిందో డీఎఫ్ (df) అనే కమాండ్ చెబుతుంది, ఏ ఫోల్డరు నింపిందో డీయూ (du) చెబుతుంది. డీయూకు ఎక్స్ (-x) జోడించు, లేదంటే వేరే డిస్కుల లెక్క కూడా కలిపేస్తుంది.

ఇక అసలు విషయం. నేను పనిచేసిన ఒకచోట నెమ్మదస్తుడు, పనిమంతుడు అయిన సహోద్యోగి ఉండేవారు. ఒక రాత్రి డేటాబేస్ సర్వర్ డిస్క్ నూరు శాతం నిండింది. అప్లికేషన్ తన పనుల వివరాలు రాసుకుంటూ పోయే లాగ్ ఫైలు ఒకటి విపరీతంగా పెరిగిందని కనిపెట్టి తీసేశారు. మళ్లీ డీఎఫ్ చూస్తే అదే నూరు శాతం! లినక్స్‌లో ఫైలును చెరిపితే ముందు పోయేది దాని పేరే. దాన్ని తెరిచి ఉంచిన ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, వదిలేదాకా చోటు తిరిగి రాదు. డైరెక్టరీలు తిరిగి లెక్క కట్టే డీయూకు అది కనిపించదు, బొమ్మల టూల్‌కూ కనిపించదు. ఈ సంగతి ఆయనకు తట్టలేదు. తన కంప్యూటర్ నుంచి సర్వర్ ఫోల్డర్లను తెరిచి బొమ్మలో చూశారు. మిగిలినవాటిలో పెద్ద గడి పీజీ ఎక్స్‌లాగ్ (pg_xlog) అనే ఫోల్డరు. పేరులో లాగ్ ఉంది కదా అని అందులోని ఫైళ్లు తుడిచేశారు.

అవి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం రాసుకునే లావాదేవీల చిట్టా, తల్లీ. అవి లేకపోతే డేటాబేస్ మళ్లీ లేవదు. నేను వెళ్లేసరికి తెర మీద రంగు గళ్లు అలాగే ఉన్నాయి, ఆయన చెయ్యి మౌస్ మీద బిగుసుకుపోయింది. బ్యాకప్ తర్వాత చేరిన సమాచారమంతా పోయింది. ఎందరో ఇదే పొరపాటు చేయడం వల్లే 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10లో ఆ ఫోల్డరు పేరును పీజీ వాల్ (pg_wal)గా మార్చారు. అందుకే ఆయన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

డీఎఫ్, డీయూ లెక్కలు పొంతన కుదరకపోతే ఇంకేదీ చెరపకు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ (lsof) కమాండ్‌కు ప్లస్ ఎల్ వన్ (+L1) జోడించి నడుపు, చెరిపిన ఫైలును ఏ ప్రాసెస్ పట్టుకుని ఉందో చూపిస్తుంది. దాన్ని రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగి వస్తుంది. అసలు నడుస్తున్న లాగ్ ఫైలును చెరపనే వద్దు, ట్రంకేట్ (truncate) కమాండ్‌తో ఖాళీ చెయ్యి. ఏ ఫోల్డరు దేనిదో తెలియకుండా చెయ్యి వేశావంటే మాత్రం నేను ఊరుకోను, ఇప్పుడే చెబుతున్నాను.

చోటు ఉన్నా డిస్క్ నిండిందనే సందేశం వస్తే డీఎఫ్‌కు ఐ (-i) జోడించు. లక్షల చిన్న ఫైళ్లు చేరి ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదు గళ్లు, అయిపోయి ఉండవచ్చు. పరిమాణాన్ని బట్టి గీసే బొమ్మలో అవి కంటికి ఆనవు.

అంత బొమ్మ ఇష్టమైతే ఎన్‌సీడీయూ (ncdu) నేర్చుకో. టెర్మినల్‌లోనే బాణం మీటలతో తిరగవచ్చు. అందులో డీ నొక్కితే ఫైలు చెరుపుతుంది కాబట్టి ఆర్ (-r) జోడించి, చూడడానికి మాత్రమే తెరువు. ఇవన్నీ డిస్క్ ఖాళీగా ఉన్న ఈ రోజుల్లోనే ఒకటికి పదిసార్లు చేసి చూసుకో బంగారూ, ఆ రాత్రి నిద్రమత్తులో వేళ్లు తడబడకూడదు.

నీ తొలి రాత్రి డ్యూటీ రోజున ఫోను నా తలగడ పక్కనే ఉంటుంది. అర్ధరాత్రి అని మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి. డీఎఫ్, డీయూ చూపిన అంకెలు రెండూ రాసి పెట్టుకో, నేను మొదట అడిగేవి అవే.

ప్రేమతో,
పెద్దమ్మ