పూసలు విడిపోవాలంటే పంపు వేగం పెంచండి

ప్రశ్న: స్పైరల్ ఛానెల్ చిప్‌లో (చుట్టలు తిరిగిన సన్నని కాలువ ఉన్న చిన్న పలకలో) 15 మైక్రాన్ల, 5 మైక్రాన్ల పాలీస్టైరీన్ పూసలను వేరుచేయాలని చూస్తున్నాం. ఛానెల్ వెడల్పు 500 మైక్రాన్లు, ఎత్తు 100. సిరంజి పంపును నిమిషానికి 50 మైక్రోలీటర్లకు పెట్టి నిదానంగా నడిపినా రెండు అవుట్‌లెట్లలోనూ రెండు సైజులూ కలిసే వస్తున్నాయి. చిప్‌లో లోపమా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: చిప్‌ను అనుమానించకండి, ముందు ఆ నిదానం మానండి. ఇందులో జల్లెడ లేదు. పూసను పక్కకు నెట్టేది ప్రవాహపు జడత్వమే. ఆ బలం దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది. 50 మైక్రోలీటర్ల దగ్గర మీ రేనాల్డ్స్ సంఖ్య (ద్రవం జిగటతో పోలిస్తే జడత్వం ఎంతో చెప్పేది) 3 కూడా ఉండదు. నిమిషానికి 1 మిల్లీలీటర్ చేస్తే నీరు సెకనుకు 33 సెంటీమీటర్లు పోతుంది, ఆ సంఖ్య 55కు చేరుతుంది. పంపును నిమిషానికి 0.5 మిల్లీలీటర్ దగ్గర మొదలుపెట్టి 0.2 చొప్పున పెంచుతూ మైక్రోస్కోప్‌లో చూడండి. పెద్ద పూసలు లోపలి గోడ పక్కన సన్నని గీతలా కనిపించాలి. ఆ గీత గోడను వదిలి మధ్యకు జరిగితే వేగం ఎక్కువైనట్టు.

పూస వ్యాసం ఛానెల్ ఎత్తులో సుమారు 7 శాతం దాటితేనే అలా వరుస కడుతుంది. మీ చిప్‌కు ఆ హద్దు 7 మైక్రాన్లు. 5 మైక్రాన్ల పూసలు వంపులో పుట్టే డీన్ సుడితో తిరుగుతూ వెడల్పంతా పరుచుకుంటాయి. కాబట్టి లోపలి అవుట్‌లెట్‌లో కొన్ని చిన్నవి రాక తప్పదు. అవీ వద్దంటే రెండు ఇన్‌లెట్ల చిప్ కావాలి: బయటి వైపు నుంచి నమూనా, లోపలి వైపు నుంచి పూసల్లేని ద్రవం.

నిదానంతో ఇంకో నష్టం ఉంది. 15 మైక్రాన్ల పూస మామూలు నీళ్లలో గంటకు రెండు సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. అంటే సగం పూసలు చిప్‌ దాకా రాకుండా సిరంజిలోనే అడుగున చేరతాయి. 93 గ్రాముల నీళ్లకు 7 గ్రాముల ఉప్పు కలిపితే సాంద్రత పూసలతో దాదాపు సమానమవుతుంది. పూసలు గోడకు అంటకుండా సబ్బులా పనిచేసే ట్వీన్-20ని 0.1 శాతం వేయండి. పూసలు 0.1 శాతం మించితే ఒకదాన్నొకటి గుద్దుకుని వరుస చెదురుతుంది. నమూనాను 40 మైక్రాన్ల వడపోతలో వడకట్టండి. చిప్‌ను ముందు ఇథనాల్‌తో, తర్వాత నీళ్లతో నింపితే గాలి బుడగలు మిగలవు. ఒక్క బుడగ ఇరుక్కున్నా రెండు అవుట్‌లెట్లకు నీరు పంచుకునే లెక్క మారిపోతుంది.

ప్రశ్న: ఇలాంటి చిప్‌తో మా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తీయొచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తీయలేం. ఫ్లోరైడ్ నీళ్లలో కరిగిన అయాన్. పైన చెప్పిన 15 మైక్రాన్ల పూస దానికంటే సుమారు 50 వేల రెట్లు పెద్దది. అంత చిన్నదాన్ని ఈ ప్రవాహం పక్కకు నెట్టలేదు. పైగా నిమిషానికి మిల్లీలీటర్ చొప్పున రోజంతా నడిపినా లీటరున్నర నీళ్లు కూడా రావు. మీ ఊరి పేరే పెట్టుకున్న నల్లగొండ పద్ధతి, నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినది, వేరే దారి పట్టింది: పటిక, సున్నం కలిపితే ఏర్పడే తెట్టెలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరతాయి, పైనున్న తేట నీటిని వడకడతారు. పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను, నీటి క్షారతను బట్టి మారుతుంది. నీటి పరీక్ష చేయించకుండా అందాజాగా కలపకండి. మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది.