తిండి జ్ఞాపకాలు అడగబోయే ముందు

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. చుట్టాలనీ ఇరుగుపొరుగునీ కూర్చోబెట్టి తిండి కబుర్లు రాసుకుంటానన్నావు. మంచి పని. నువ్వు పంపిన ప్రశ్నల జాబితా మాత్రం పక్కన పెట్టు. "చిన్నప్పుడు మీకు ఏ వంట ఇష్టం?" అంటే ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. "ఇంట్లో అందరికన్నా చివర ఎవరు తినేవాళ్లు? అప్పటికి గిన్నెలో ఏం మిగిలేది?" అని అడిగి చూడు. కాసేపు మాట్లాడరు. ఆ కాసేపూ నువ్వూ మాట్లాడకు. కొత్తవాళ్లకి అక్కడే టెన్షన్ వచ్చి గబుక్కున ఇంకో ప్రశ్న వేసేస్తారు, నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోతుంది.

"అప్పట్లో ఎంత రుచిగా ఉండేదో కదా!" అని నువ్వే జవాబు అందించకు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు "ఢీకొన్నప్పుడు" ఎంత వేగంగా ఉన్నాయని కొందరిని, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" ఎంత వేగమని మరికొందరిని అడిగారు. రెండో రకం ప్రశ్న విన్నవాళ్లు వేగం ఎక్కువ చెప్పారు. వారం తర్వాత, ఫిల్మ్‌లో అసలు లేని గాజుపెంకులు చూశామన్నవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. వారం కిందటి ఫిల్మ్‌కే ఇలా ఉంటే, యాభై ఏళ్ల నాటి భోజనం మాటేమిటి!

వీలైతే వాళ్లు వంట చేస్తుండగానే మాట్లాడించు. వాసన మెదడులో జ్ఞాపకాల భాగానికి చాలా దగ్గరి దారిలో చేరుతుంది. కుర్చీలో కూర్చుని గుర్తుకు రానిది మూత తీయగానే గుర్తొస్తుంది. ఉప్పెంత అంటే "తగినంత" అంటారు. వాదించకు. గిన్నెలో వేయబోయే చేతిని ఒక్క క్షణం ఆపమని, పిడికిట్లోది చిన్న త్రాసులో పోయించుకుని తూచుకో. నవ్వుతారులే.

ఒకే వంటని అక్క ఒకలా, చెల్లెలు ఇంకోలా చెబుతారు. రెండూ రాయి. తగవు తీర్చడం నీ పని కాదు.

రికార్డర్ నొక్కే ముందు సరేనా అని అడుగు. "ఇది రాయొద్దు" అన్నది రాయకు, ముఖ్యంగా పస్తులున్న రోజుల సంగతి. గంట మాటల్ని కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది, కాబట్టి రోజుకొకరు చాలు.

మొదలు మాత్రం పక్కింటితో పెట్టు. సొంతవాళ్లు "నీకు తెలిసిందేగా" అని దాటేస్తారు, పక్కింటివాళ్లు మొదటినుంచీ చెబుతారు. రాసింది నాకు పంపేటప్పుడు నీ ప్రశ్నలు కూడా ఉంచు. ఎక్కడ జవాబు అందించావో చూసి చెబుతాను.

ఆశీస్సులతో.