కోత మిషన్ వచ్చాక పెరిగిన దిగుబడిలో టెక్నాలజీ వాటా ఎంత?

ఒడిశాలోని గుణుపురం వైపు వరికి కోత మిషన్లు దిగాక ఆదాయం పెరిగింది కదా, అందులో టెక్నాలజీ వాటాను ప్రాజెక్టులో ఎలా చూపించాలని అడిగారు. ముందు రూపాయల్ని పక్కన పెట్టండి. 2024 ఖరీఫ్‌లో మద్దతు ధర 2,300కి ఒడిశా ప్రభుత్వం 800 కలిపి క్వింటాలుకు 3,100 ఇచ్చింది. రూపాయల్లో కడితే ఆ 800 కూడా మిషన్ ఘనతే అయిపోతుంది.

క్వింటాళ్ళలో కట్టండి, అదీ తేమ సరిచేసి. మిషన్ కోసిన ధాన్యం 22 శాతం తేమతో 100 కిలోలు తూగితే, కొనుగోలుకు ఒప్పుకునే 17 శాతానికి ఆరేసరికి 94 కిలోలే. కుప్ప వేసి నూర్చిన పాత ఏడాది ఎండు గింజతో దాన్ని అలాగే పోల్చారంటే ఆరు శాతం ఉత్తుత్తి వృద్ధి.

ఇక లెక్క. ఒక్కో పెట్టుబడి ఎంత శాతం పెరిగిందో, ఖర్చులో దాని వాటాతో హెచ్చించి అన్నీ కలపాలి; దిగుబడి పెరుగుదలలోంచి అది తీసేస్తే వచ్చేదే మిగులు. మొత్తం ఖర్చులో భూమి (కౌలు రేటున) 35 శాతం, మనుషుల పని 35, యంత్రాలు 15, విత్తనం ఎరువులు 15 అనుకుందాం. భూమి పెరగలేదు. పనిదినాలు 20 శాతం తగ్గాయి: 0.35తో హెచ్చిస్తే మైనస్ 7. అద్దె యంత్రాల గంటలు 50 శాతం పెరిగాయి: ప్లస్ 7.5. ఎరువులు వగైరా 10 శాతం: 1.5. కలిపితే 2. దిగుబడి 12 శాతం పెరిగి ఉంటే, మిగిలింది 10.

మిషనూ, తగ్గిన కూలీలూ దాదాపు చెల్లుకు చెల్లు. మిషన్ అసలు లాభం ఖాళీ అయిన చేతుల్లో ఉంది. ఆ కూలీలు విశాఖలో భవనాల పనికి వెళితే ఆ వృద్ధి అక్కడి లెక్కలో పడుతుంది, మీ ఊరి పట్టికలో కనిపించదు. పని దొరక్కపోతే ఎక్కడా పడదు.

పైన మిగిలిన ఆ పది శాతాన్నే టెక్నాలజీ అనేస్తుంటారు. ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో ఇలాగే కట్టి, 1909–49 మధ్య అమెరికాలో గంట పనికి పెరిగిన ఉత్పత్తిలో ఎనిమిదింట ఏడు వంతులు ఈ మిగులేనని తేల్చాడు. అంతకు ముందు ఏడాదే మరో ఆర్థికవేత్త అబ్రమోవిట్జ్ ఇలాంటి మిగులును మన అజ్ఞానానికి కొలత అన్నాడు. నాకైతే ఆ మాటే నచ్చుతుంది, ఎందుకంటే మంచి వాన, కొత్త విత్తనం, సకాలంలో ఊడ్పు, కొలతల్లో తప్పులు అన్నీ అందులోనే కలిసిపోతాయి. వాన ప్రభావం తగ్గాలంటే మిషన్‌కు ముందు మూడేళ్ళ సగటు, తర్వాత మూడేళ్ళ సగటు తీయండి. ఇంటివాళ్ళ పనిని కూడా ఊళ్ళో కూలి రేటుకే కట్టండి. చాలా ప్రాజెక్టుల్లో వదిలేసేది దాన్నే.