ఒక చోట ఆమోదం పొందిన స్టీల్ బిల్డింగ్ డిజైన్ మరో చోట చెల్లుతుందా?

నేరుగా చెల్లదు, డిజైన్ అదే అయినా, కట్టబోయే చోటికి వర్తించే గాలి, మంచు, భూకంపం లెక్కలతో మళ్లీ సరిచూసి, అక్కడి అనుమతి తీసుకోవాల్సిందే.

బిల్డింగ్ కోడ్ అంటే ఇంత మందం స్టీల్ వాడండి అని చెప్పే పట్టిక కాదు. ఆ స్థలంలో భవనం మీద ఎంత భారం పడొచ్చో లెక్కగట్టి, దాన్ని తట్టుకునేలా కట్టమంటుంది. స్టీల్ షెడ్డు తేలిక కాబట్టి గాలి లెక్క చాలా ముఖ్యం. గాలి గోడల్ని పక్కకు తోయడమే కాదు, పైకప్పును పైకి లాగుతుంది కూడా. ఆ లాగుడు చివరికి స్తంభాల అడుగున బేస్ ప్లేటును కాంక్రీటులో పట్టి ఉంచే యాంకర్ బోల్టుల మీద పడుతుంది.

ఉదాహరణకు, సెకనుకు 40 మీటర్ల గాలికి లెక్కగట్టిన షెడ్డును 50 మీటర్ల గాలి వీచే చోట కట్టారనుకోండి. వేగం పెరిగింది పావు వంతే. కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, చదరపు మీటరుకు సుమారు 960 న్యూటన్ల నుంచి 1500కు చేరుతుంది. అంటే ఒకటిన్నర రెట్లకు పైనే! బోల్టులు, పర్లిన్లు (పైకప్పు రేకుల్ని మోసే అడ్డ కడ్డీలు), బ్రేసింగ్ (ఫ్రేము పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే ఏటవాలు కడ్డీలు) అన్నీ మళ్లీ చూసుకోవాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే: "షెడ్డు అమ్మే కంపెనీ వాళ్లు కోడ్ ప్రకారమే చేశారు కదా, ఇంకేం టెన్షన్" అనుకుంటారు. ఆ మాట వాళ్లు లెక్కలోకి తీసుకున్న లోడ్ల వరకే నిజం. ఆర్డర్ ఇవ్వకముందే డ్రాయింగులోని డిజైన్ గాలి వేగాన్ని స్థానిక అధికారులు అడిగే అంకెతో పోల్చి చూడండి. పునాది డిజైన్ చాలాసార్లు కిట్‌తో, అంటే కంపెనీ పంపే షెడ్డు విడిభాగాల సెట్టుతో, రాదు. అక్కడి మట్టిని బట్టి విడిగా ఇంజినీరుతో చేయించుకోవాలి.